దారానికి ఇంకో ముడి

ఆ స్టూడియోలో కెమెరా కొత్తది, లెన్స్ పాతది. రెంటికీ క్షణం పడదు. పొద్దున మీట నొక్కగానే కెమెరా తన చిన్న తెర మీద ‘లెన్స్ లేదు’ అని చూపిస్తుంది. పిడికెడు ఇనుమూ గాజూ దాని మూతికే వేలాడుతున్నా సరే, లేదనే అంటుంది. లేకపోయినా ఫర్వాలేదు, ఫొటో తియ్యి అని దాని సెట్టింగుల్లో ఒకచోట నచ్చజెప్పుకోవాలి. బ్యాటరీ మార్చినప్పుడల్లా మళ్ళీ కథ మొదటికొస్తుంది.

“చూశావా అక్కా, మన నాన్నను పట్టుకుని ఎవరు నువ్వు అని అడుగుతోంది,” అనేవాడు తమ్ముడు. రోజూ అదే మాట. అక్క రోజూ నవ్వేది. ఈమధ్య ఆ నవ్వుకు కూడా ఓపిక చాలడం లేదు.

లెన్స్ వాళ్ళ నాన్నది. ఫిల్ము రోజుల్లో ఇంటిల్లిపాదికీ అన్నం పెట్టిన గాజు. ఫిల్ము పోయింది, ఆయన కెమెరా బిగుసుకుపోయి అటకెక్కింది, ఆయనా పోయారు. లెన్స్ మాత్రం చెక్కుచెదరలేదు. తమ్ముడు ఎక్కడో వెతికి ఒక రింగు తెప్పించాడు. దానికి ఒకవైపు పాత లెన్స్ బిగుస్తుంది, రెండోవైపు కొత్త కెమెరా. అత్తాకోడళ్ళ మధ్య నలిగే కొడుకులాంటిది ఆ రింగు. ఏ కాస్త వదులైనా ఇద్దరూ దాన్నే అంటారు.

ఇక ఆ లెన్స్ తనంతట తాను ఏ పనీ చేయదు. వెలుగు ఎంత రావాలో, మనిషి ముఖంలో ఏది స్పష్టంగా నిలవాలో అంతా వేళ్ళతో తిప్పి చెప్పాలి. సరిగ్గా చెబితే మాత్రం ముఖం ముఖంలా వస్తుంది. ముడతలు ముడతల్లాగే ఉంటాయి, కానీ వాటిని చూస్తే దిగులు పుట్టదు. ఆ ఫొటోల కోసమే జనం పెద్ద దుకాణాలు దాటుకుని ఈ వెనక వీధికి వచ్చేవారు. వాళ్ళందరికీ ఆమె ‘ఫొటోలక్క’. అసలు పేరు అడిగిన వాళ్ళు లేరు.

లెన్స్ ఒక్కటే కాదు, ఆమె నోరు కూడా సగం పని చేసేది. కుర్చీలో కొయ్యలా బిగుసుకున్న మనిషిని రెండు మాటలతో మామూలు మనిషిని చేస్తుంది. “నిన్న రాత్రి ఇంట్లో గెలిచింది మీరా, ఆవిడా?” అంటుంది. మనిషి పెదవి కదిలేలోపు మీట నొక్కుతుంది. తమ్ముడికి ఆ విద్య అబ్బలేదు. వాడు తీస్తే కన్నతల్లి కూడా గుర్తింపు కార్డులోలా గుడ్లప్పగించేది. అందుకే వాడు కంప్యూటరు ముందు, ఆమె కెమెరా వెనక. చిన్న వయసు నుంచీ ఇదే ముందుగది, ఇదే గచ్చు. మోకాళ్ళు పట్టేస్తున్నాయి, నడుము సలుపుతోంది. వాటిని ఆమె లెక్కచేయలేదు. కళ్ళు అలా కాదు.

మొదట తలుపు అంచు వంకరగా కనిపించింది. వడ్రంగిని తిట్టుకుంది. తర్వాత ముఖాలు పోవడం మొదలైంది. ఎదుటి మనిషిని సూటిగా చూస్తే జుట్టు కనిపిస్తుంది, చొక్కా కనిపిస్తుంది, ముఖం ఉండాల్సిన చోట ఎవరో తడివేలితో అలికినట్టు ఉంటుంది. ఎవరికీ చెప్పకుండా ఒక మధ్యాహ్నం కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది. శుక్లాలు కావమ్మా, కంటి వెనక పొర అరుగుతోంది, కోసి బాగుచేసేది కాదు, ఉన్న చూపును జాగ్రత్తగా వాడుకోవాలి అన్నాడాయన. ఆఖర్న అడిగాడు:

“మీ ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉండేదా?”

“లేదండీ. మా నాన్న చివరిదాకా ఫొటోలు తీశారు,” అంది ఆమె, కాస్త గర్వంగానే.

డాక్టరు రాసిచ్చిన చీటీ తమ్ముడికి చూపించలేదు. చెబితే ఏమవుతుందో ఆమెకు తెలుసు. వాడు గొంతు తగ్గించి మాట్లాడతాడు, చెయ్యిపట్టి వీధి దాటిస్తాడు, ఇక కూర్చో అక్కా అంటాడు. కూర్చుని ఏం చేయాలి? ఆమెకు వేరే బతుకు లేదు, మరో పని చేతకాదు. తనంతట తానే చూసుకునే ఆటోమేటిక్ లెన్స్ కొందామని వాడు ఎప్పట్నుంచో పోరుతున్నాడు. ఇప్పుడు సరేనంటే కళ్ళు పోయాయని ఒప్పుకున్నట్టే. అందుకని ఆడలేక మద్దెల ఓడన్నట్టు ఆమె నేరమంతా లెన్స్ మీదికి నెట్టింది. బూజు పట్టిందంది. కిటికీలో ఎండకు పెట్టింది. రింగు వదులంది. తమ్ముడు అన్నింటికీ ఊ కొట్టాడు.

అలా నెట్టుకొస్తుండగా నర్సమ్మ వచ్చింది. కంటి ఆసుపత్రిలో పనిచేసి రిటైరైన పెద్దావిడ. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఆమెను నాన్నే ఫొటో తీశారు. ఇప్పుడు కూతురి దగ్గరికి మకాం మారుస్తోంది. వెళ్ళేముందు మళ్ళీ ఆ లెన్స్‌తోనే ఒకటి కావాలంది. రెండుసార్లు వచ్చి కూర్చుంది. రెండుసార్లూ ఫొటో అలుక్కుపోయింది.

“నర్సమ్మ గారిని ఇంకోసారి రమ్మందామక్కా,” అన్నాడు తమ్ముడు, తెర మీంచి కళ్ళు తిప్పకుండా.

“మళ్ళీ ఎందుకు? అన్ని తీశాను కదా. ఒక్కటి కూడా పనికిరాదా?”

వాడు తెర మీద ఒక్కో ఫొటోనూ దాటించుకుంటూ పోయాడు. ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. “ఎప్పట్నుంచి?” అంది.

మింగలేక కక్కలేక వాడు చెప్పాడు. చాన్నాళ్ళ నుంచీ అంతేనట. పదింట్లో ఒకటి బాగుంటే అది ఉంచి, మిగతావి ఆమె చూడకముందే తీసేస్తున్నాడట. కొన్నింటికి కంప్యూటరులో మెరుగులు దిద్ది ఇచ్చాడట.

“నాకెందుకు చెప్పలేదురా?”

“నువ్వు లెన్స్ అన్నావు. సరే లెన్సే అనుకున్నాను,” అన్నాడు వాడు. ఆ అనడంలోనే నమ్మలేదని తెలిసిపోతోంది.

ఆమెకు చెప్పేయాలనిపించింది. నోటిదాకా వచ్చింది. కానీ అప్పటికే తల ప్రాణం తోకకొచ్చి ఉంది, దాని మీద వాడి జాలి కూడా మోయలేననిపించింది. “సొరుగులో నాన్న దారం ఉంది, తియ్యి,” అంది.

నాన్నకు ఆ దారం ఒక చాదస్తం. ఒక కొస కెమెరా స్టాండుకు కట్టి ఉంటుంది, రెండో కొస దగ్గర ఒక ముడి ఉంటుంది. దారం లాగి, ఆ ముడి దగ్గర పట్టుకుని, కుర్చీలో కూర్చున్న వాళ్ళ కంటి కింద ఆనించాలి. ఆ పని కూతురిది. ముడి తగిలేదాకా మనిషిని ముందుకో వెనక్కో జరిపేవారు. లెన్స్ చుట్టూ తిరిగే పట్టీ మీద ఆకురాయితో గీసిన గాటు ఒకటుంది. దాన్ని గోటితో తడిమి, పక్కనున్న ఇంకో గాటుకు ఎదురు పెట్టేవారు. దారం పక్కకు తీసేసి మీట నొక్కేవారు. “ఏం నాన్నా, కళ్ళు కనిపించడం లేదా, కొలతలు తీస్తున్నావు? మనిషికి చొక్కా కుడతావా?” అని ఆమె ఆటపట్టించేది. ఆయన కూడా నవ్వేవారు.

తమ్ముడు కుర్చీలో కూర్చున్నాడు. దారం లాగింది, ముడి వాడి చెంపకు ఆనించింది, గాటుకు గాటు కలిపింది, నొక్కింది. మళ్ళీ మళ్ళీ చేసింది. వాడు లేచి వెళ్ళి తెర మీద చూశాడు.

“కుదరలేదక్కా.”

ఆమె గోడకు చేరగిలబడింది. చూపు పోతే పోయింది, నాన్న కొలత కూడా తనకు అక్కరకు రాలేదు. ఇక మూసేద్దాం అనుకుంది. నిజంగానే అనుకుంది, పంతానికి కాదు. ఆ మాట అనుకోగానే కొంచెం హాయిగా కూడా ఉంది. అలసిపోయిన మనిషికి ఓటమి కూడా ఒక మంచంలా కనబడుతుంది.

“ఉండు ఉండు,” అన్నాడు తమ్ముడు. “చెవి బాగుందే! కళ్ళు మసక, చెవి మాత్రం వెంట్రుకలతో సహా కనిపిస్తోంది. దీంట్లోనూ చెవే. దీంట్లోనూ చెవే.”

“నీ చెవి ఎవడికి కావాలిరా?”

“అది కాదక్కా. తప్పు ప్రతిసారీ ఒకేచోట పడుతోంది. అంటే దారం తప్పు కాదు, నీ చెయ్యీ తప్పు కాదు. ముడి నాన్న కెమెరా కొలతకు వేసింది. ఇప్పుడు మధ్యలో ఈ రింగు వచ్చింది కదా. ఇది ఉండాల్సిన దానికంటే వెంట్రుకవాసి సన్నం. లెన్స్ ఆ కాస్త లోపలికి పోయింది, దాని చూపు కళ్ళు దాటి చెవి దగ్గరికి పోయింది.”

ఆమె వేలితో రింగు అంచు తడిమింది. అత్తాకోడళ్ళ మధ్య కొడుకునే అనాల్సి వచ్చింది చివరికి. పాత ముడిని విప్పడానికి ఆమె ఒప్పుకోలేదు. దానికి అవతల, అరచేతి వెడల్పంత దూరంలో ఇంకో ముడి వేశారు. ఆ ముడికి తగినట్టు కుర్చీ వెనక్కి జరిగింది.

నర్సమ్మ మూడోసారి వచ్చింది. విసుక్కోలేదు. తమ్ముడు దారం లాగి, కొత్త ముడి ఆమె కంటి కింద ఆనించాడు. ఆవిడ ముఖం వెలిగిపోయింది.

“ఇదింకా ఉందా! ఆసుపత్రి వరండాలో కూర్చుని మీ నాన్న నాకు దీన్ని చూపించాడమ్మాయ్. ‘చూపు పోతే పోయింది సిస్టరూ, కొలత ఎక్కడికి పోతుంది’ అన్నాడు.”

ఫొటోలక్క చెయ్యి లెన్స్ మీదే ఆగింది. “చూపు పోవడమేంటండీ?”

“నీకు తెలియదూ?” నర్సమ్మ కంగారుపడింది. “ఆయనకు నడిమి చూపు పోయింది కదమ్మా. చివర్లో మనిషి ముఖమే ఆనేది కాదు. పిల్లలకు చెప్పొద్దని నా దగ్గర మాట తీసుకున్నాడు. ‘మా అమ్మాయి దారం పట్టుకుంటుంది, లాగించేస్తాను’ అనేవాడు. నువ్వు తెలిసే పట్టుకుంటున్నావనుకున్నాను.”

ఆమెకు కోపం వచ్చింది, నాన్న మీద, పట్టలేనంత కోపం. అన్నేళ్ళు ఎదురుగా నిలబడి దారం పట్టుకుంటే ఒక్క మాట చెప్పలేదే! కళ్ళు కనిపించడం లేదా అని తాను వెక్కిరిస్తుంటే తనతోపాటు నవ్వాడే! గోడ నిండా ఆయన తీసిన ముఖాలున్నాయి. వాటిలో ఎన్నింటిని ఆయన చూడలేదో ఎవరు చెప్పగలరు? లెన్స్ పట్టీ మీద ఆకురాయి గాటు వేలికి తగిలింది. ఇన్నాళ్ళూ అది గుర్తు కోసమే అనుకుంది. చీకట్లో తడుముకోవడానికి అనుకోలేదు.

ఎదురుగా తమ్ముడు దారం కొస పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఏమీ తెలియకుండా, ఒకప్పుడు తాను నిలబడ్డట్టే.

“ఒరేయ్,” అంది. “నాకు కనిపించడం లేదురా. లెన్స్‌కి ఏమీ కాలేదు. డాక్టరు దగ్గరికి కూడా వెళ్ళొచ్చాను. ఇది బాగయ్యేది కాదట.”

ఆమె భయపడినట్టు వాడు గొంతు తగ్గించలేదు. వచ్చి చెయ్యి పట్టుకోలేదు. కళ్ళు మాత్రం తుడుచుకున్నాడు, అది ఆమెకు ఆనలేదు. దారాన్ని మళ్ళీ లాగి, ముడి నర్సమ్మ చెంపకు తగిలేదాకా చూసుకున్నాడు.

“తగిలింది. నువ్వు గాటు కలుపుకో,” అని దారం వదిలి పక్కకు తప్పుకున్నాడు.

ఆమె గోటితో గాటు వెతికింది. గాటుకు గాటు కలిపింది. “నర్సమ్మ గారూ, ఎవరి రహస్యాలైనా మీ దగ్గర దాచుకోవచ్చన్నమాట! ఇంకా ఎన్నున్నాయి కడుపులో?” అంది. నర్సమ్మ పెదవి కదిలిందో లేదో ఆమెకు కనిపించలేదు. కానీ ఊపిరి మారిన చప్పుడు వినిపించింది. నొక్కింది.

తమ్ముడు తెర మీద ఫొటోను పెద్దది చేసి చాలాసేపు చూశాడు.

“చెవేనా?” అంది ఆమె.

“కళ్ళు,” అన్నాడు వాడు. “రెండు కళ్ళూ వచ్చాయక్కా.”