సుహాసిని నిలబడే తీరు

గోదావరిఖని నుంచి బసంత్‌నగర్ వెళ్ళే పొద్దుటి బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నా సుహాసిని కూర్చోదు. ఆమెకు నలభై రెండేళ్ళు, సిమెంటు ఫ్యాక్టరీ ల్యాబులో ఉద్యోగం. సీట్ల మధ్య దారిలో కిటికీల వైపు తిరిగి, ఎడమ పాదం డ్రైవరు వైపు, కుడి పాదం వెనక్కి పెట్టి, మోకాళ్ళు కాస్త వంచి, రాడ్డు ముట్టకుండా నిలబడుతుంది. నిరుడు విశాఖలో అలల మీద బోర్డుపై నిలబడి సాగే సర్ఫింగ్ నేర్చుకోబోయి, ఒక్కరోజులో పంతొమ్మిది సార్లు బోర్డు మీంచి సముద్రంలో పడింది. ఈ డిసెంబరులో మళ్ళీ వెళ్తుంది. అందుకే బస్సు బ్రేకు వేస్తే బరువు వెనక కాలికి, వేగం అందుకుంటే ముందు కాలికి మారుస్తుంది.

సోమవారం మలుపులో బొగ్గు లారీ అడ్డం వచ్చి, డ్రైవరు గట్టిగా బ్రేకు వేశాడు. సుహాసిని వెళ్ళి, ముందు సీట్లో ఆకుకూరలమ్మే రాజవ్వ ఒళ్ళోని పాలకూర గంపలో పడింది.

“రాడ్డు పట్టుకుంటె ఏం పోతది బిడ్డా?” అంది రాజవ్వ.

“కాళ్ళ దిక్కు చూసిన అవ్వా, గందుకే పడ్డ. ముందట చూడాలె.” మోచేతికంటిన మట్టి దులుపుకుని, మళ్ళీ అక్కడే పాదాలు సర్దుకుంది.

మర్నాడు ఆ మలుపు వస్తుండగా రాజవ్వ గంపను సీటు కిందికి తోసి, రెండు చేతులూ చాచి కూర్చుంది.

“కింద చూడకు బిడ్డా,” అంది.