టేపత్త కాలి కొలత

మా చిన్నత్త మెడలో కొలతల టేపు ఎప్పుడూ వేలాడుతూనే ఉంటుంది. అందుకే నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆవిడ టేపత్త. ఆడవాళ్ళ బట్టలు కుట్టడం ఆవిడ పని. దుకాణం అంటే పెద్దదేం కాదు. మేముండే ఇంట్లోనే వీధివైపు గదిలో ఒక మిషను, ఒక నిలువుటద్దం, కత్తిరించిన పేలికల బుట్ట, అంతే. ఆ అద్దం ముందు నిలబడి అబద్ధం ఆడినవాళ్ళెవరూ బతికి బట్టకట్టలేదు.

నడుముకి టేపు చుట్టగానే ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కోవడం అందరికీ అలవాటే. టేపత్త టేపు అలాగే పట్టుకుని గోడకేసి చూస్తూ నిలబడుతుంది. "గాలి వదలండమ్మా, నాకేం తొందర లేదు" అంటుంది. ఎంతసేపని బిగబడతారు? వదులుతారు. అప్పుడు కొలత రాసుకుంటుంది. వచ్చే నెలకల్లా సన్నబడతాను, కాస్త బిగువుగా కుట్టమన్నవాళ్ళకి, "సన్నబడ్డాకే రండి, కుడతాను" అని బట్ట తిరిగి చేతిలో పెట్టేస్తుంది.

ఇంత నిక్కచ్చి మనిషి తన కాలి విషయంలో మాత్రం జీవితమంతా అబద్ధమాడింది. ఆ పాపం మా నాయనమ్మది. మా ఇంట్లో చెప్పుకోవడానికి ఆస్తులు లేవు, చదువులు లేవు. అందుకని నాయనమ్మ పాదాల గొప్ప పట్టుకుంది. "మా ఆడపిల్లల పాదాలు ఇంతింతే" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళకీ మంచినీళ్ళతో పాటు ఆ మాట కూడా అందించేది. మా పెద్దత్త పాదమైతే అరచేతిలో ఇమిడిపోతుందట. నాయనమ్మ పోయాక ఆ గొప్ప పెద్దత్తకి సంక్రమించింది. అక్కాచెల్లెళ్ళిద్దరూ అయిదో నంబరు చెప్పులే కొంటారు. కొత్తలో కుంటుతారు. అవి సాగి కాలికి సరిపడే వేళకి తెగిపోతాయి. మళ్ళీ అయిదో నంబరే కొంటారు.

మిషను తొక్కీ తొక్కీ నడుం పట్టేస్తే డాక్టరు టేపత్తని రోజూ నడవమన్నాడు. ఆవిడ బడి మైదానంలో నడక మొదలుపెట్టి, చూస్తుండగానే పరుగులోకి దిగింది. "పరిగెడుతున్నంతసేపూ ఎవరి నడుమూ నా చేతుల్లో ఉండదే" అంది నాతో ఒకరోజు, చెమటలు కక్కుతూ. ఆ మొహంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

కానీ తొడిగింది అయిదో నంబరు బూట్లు. బొటనవేళ్ళ గోళ్ళు నల్లబడ్డాయి, ఒకటి ఊడి చేతికొచ్చింది. "సరైన బూట్లయినా కొనుక్కోండి, పరుగైనా మానండి" అన్నాడు అదే డాక్టరు. ఆవిడ తాపీగా, "మానేస్తాలే, ఈ వయసులో పరుగులేంటి" అంది. నాకు ఒళ్ళు మండింది. ఉన్న ఒక్క సంతోషాన్నీ వదులుకోవడానికి సిద్ధపడింది గానీ నంబరు వదలదట. ఆ సాయంత్రమే చెయ్యి పట్టుకుని బూట్ల కొట్టుకి లాక్కుపోయాను. పగలంతా తిరిగాక పాదం కాస్త ఉబ్బుతుంది, పరుగులోనూ అలాగే ఉబ్బుతుంది. అందుకే బూట్లు కొనడానికి సాయంత్రమే మంచిది.

కొట్టులో అమ్మేవాడు ఆవిడ మొహం చూశాడు, చేతి సంచీ చూశాడు, కాళ్ళు తప్ప అన్నీ చూశాడు. "ఇవి చూడండి మేడమ్, వేసుకుంటే మీరు పరిగెత్తక్కర్లేదు, అవే పరిగెత్తిస్తాయి" అన్నాడు.

"అయితే వాటినే పంపిస్తాను, నేనింట్లో పడుకుంటా" అంది టేపత్త.

నంబరు అడిగితే అయిదు అంది. ముందు కొలవమన్నాను. అతను కొలత పలక తెచ్చి కింద పెట్టాడు. ఆవిడ కాలు మోపింది. మేజోడు లోపల వేళ్ళన్నీ పిడికిలిలా ముడుచుకుని ఉన్నాయి. అతనికి అదేం పట్టలేదు. అయిదున్నర అనేశాడు. నేను వంగి ఆవిడ పాదం మీద చెయ్యి వేశాను.

"వేళ్ళు వదులు అత్తా, నాకేం తొందర లేదు."

నావైపు గుర్రుగా చూసింది. తర్వాత గోడకేసి చూసింది. ఎంతసేపని బిగబడుతుంది? ఒక్కో వేలూ మెల్లగా చాపింది. కొలత ఏడు దగ్గర ఆగింది.

ఏడో నంబరు తొడిగి, ముందు బొటనవేలికి కాస్త చోటుందో లేదో నొక్కి చూశాం. మడమ జారడం లేదు. నాలుగడుగులు పరిగెత్తి చూడమన్నాను. ఆవిడ గుమ్మం దాకా వెళ్ళి, ఆగకుండా వీధిలోకి వెళ్ళిపోయింది. బూట్లు పట్టుకుపోతోందనుకుని అమ్మేవాడు లబోదిబోమంటూ వెనకాల పడ్డాడు. వీధి చివరి దాకా వెళ్ళి ఆవిడే తిరిగొచ్చింది. "వేళ్ళు ఎక్కడా తగల్లేదే" అంది. నవ్వుతోంది గానీ కళ్ళ నిండా నీళ్ళే.

కొన్నాళ్ళు హాయిగా పరిగెత్తింది. అప్పుడు దిగింది పెద్దత్త, చెల్లెల్ని చూసిపోదామని. గుమ్మంలో బూట్లు చూసి అక్కడే ఆగిపోయింది.

"ఎవరివే ఈ పడవలు?"

"నావే అక్కా."

"అమ్మ ఉంటే తల ఎక్కడ పెట్టుకునేది?"

భోజనాల దగ్గరా అదే గొడవ. మా ఇంటి ఆడవాళ్ళ పాదాల గురించి మొదటి నుంచీ చెప్పుకొచ్చింది. టేపత్త లేచి, బూట్లు తీసి బీరువా కిందికి తోసేసింది. "అక్క ఉన్నన్నాళ్ళూ వెళ్ళనులే" అని నాతో మెల్లగా అంది. అక్క ఎన్నాళ్ళుంటుందో అక్కకే తెలియదు. అందరి నడుములకీ నిజం చెప్పే మనిషి మళ్ళీ వేళ్ళు ముడుచుకుంటోందని నాకు ఏడుపొచ్చింది.

తెల్లారి చూస్తే బీరువా కింద బూట్లు లేవు. పెద్దత్త పక్క మీద లేదు. పట్టుకెళ్ళి పారేసిందనుకుని టేపత్త నెత్తిన చెయ్యి పెట్టుకు కూర్చుంది. అంతలో వీధి తలుపు తెరుచుకుంది. చెమటలు కక్కుతూ పెద్దత్త లోపలికొచ్చింది. కాళ్ళకి అవే బూట్లు. మా ఇద్దరి మొహాలూ చూడకుండా, గోడకేసి చూస్తూ గొంతు తగ్గించి అంది:

"నీ బూట్లు వేళ్ళ దగ్గర నొక్కేస్తున్నాయే. ఇంకో నంబరు పెద్దవి దొరుకుతాయా?"