చింపడం మరిచిన తేదీ

మా ఇంట్లో నలభై అయిదేళ్లపాటు నాకు సూది పడ్డాకే తేదీ మారేది. చింతాద్రిపేటలో కాపురం పెట్టిన మరుసటి ఏడే నాకు షుగర్ వచ్చింది. ఒంట్లో ఇన్సులిన్ అసలే తయారుకాని రకం. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు, సూదిని చూస్తే కళ్లు తిరిగేవి. అందుకని మా ఆయన ఆ పని తన మీద వేసుకున్నారు. గాజు సిరంజిని గిన్నెలో మరిగించి, చల్లార్చి, మందు ఎక్కించి, నా తొడకు పొడిచి, ఆ తర్వాత గోడ మీది కాలెండర్లో నిన్నటి కాగితం చింపేవారు. కాగితం చిరిగితే పొద్దుటి సూది పడ్డట్టు. గాజు సిరంజిలు పోయి ప్లాస్టిక్‌వి వచ్చినా పద్ధతి మారలేదు.

ఆయన అంబత్తూరులో లేత్ మిషన్ మీద పనిచేసి రిటైరయ్యారు. వెంట్రుకవాసి తేడా వచ్చినా ముక్కను పక్కన పడేసే మనిషి. రెండు సూదులు చాలవని డాక్టరు రోజుకు నాలుగు చేసినప్పుడు ఆయనకు మళ్లీ ఉద్యోగం వచ్చినంత పనయింది. నేనే అంత నమ్మకస్తురాలిని కాను. పెళ్లిళ్లలో మైసూరుపాకు తిని, తినలేదని చెప్పేదాన్ని. ఆయన నమ్మేవారో లేదో తెలియదు. గ్లూకోమీటరు మాత్రం నమ్మేది కాదు.

పోయినేడు ఒక పొద్దున ఆయన సూది వేసి, కాగితం చింపడానికి చెయ్యెత్తేసరికి పాలు పొంగాయి. వంటింట్లోకి పరుగెత్తారు. స్టవ్వు తుడిచి, కాఫీ తాగి, తిరిగొచ్చి కాలెండర్ చూశారు. నిన్నటి తేదీ అలాగే ఉంది.

"నీకింకా సూది ఎయ్యలేదే," అన్నారు.

నాకు వేసినట్టే అనిపించింది. కానీ రోజూ వేయించుకునేదానికి నిన్నటి పోటేదో ఇవాళ్టిదేదో ఏం తెలుస్తుంది? కాలెండర్ ఎన్నడూ అబద్ధం చెప్పలేదు, నేను చాలా చెప్పాను. కాలెండర్నే నమ్మి మళ్లీ తొడ చూపించాను.

అరగంటకు అరటికాయ తరుగుతూ ఒళ్లంతా చెమటలు పట్టి కింద కూలబడ్డాను. ఆయన చక్కెర నీళ్లు కలిపి తాగించారు. చెయ్యి వణికి సగం నా జాకెట్టు మీదే పోశారు. ఆటోలో ఆసుపత్రికి వెళ్లే దారంతా నా మణికట్టు పట్టుకుని నాడి చూస్తూనే ఉన్నారు. చచ్చిపోతానేమోనని భయం వేసింది. నేను పోతే ఈయన బతికినన్నాళ్లూ ఆ కాగితం వైపే చూస్తూ కూర్చుంటారని ఇంకా ఎక్కువ భయం వేసింది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ పంపు సంగతి ఎత్తింది. సబ్బుపెట్టె కంటే చిన్నది. నడుముకు పెట్టుకుంటే సన్నటి గొట్టంలోంచి రోజంతా మందు కొద్దికొద్దిగా ఒంట్లోకి పోతూ ఉంటుందట. తినే ముందు మాత్రం మనమే మీట నొక్కాలి. ఎప్పుడు ఎంత పోయిందో దానికి గుర్తుంటుంది. సూదులూ మంచివే, మీకేది సులువో అదే తీసుకోండి అంది. మా ఆయన ప్రశ్నలు మొదలుపెట్టారు. గొట్టం మడతపడితే? మందు ఆగి, కొన్ని గంటల్లోనే షుగర్ పెరిగిపోతుంది. మిషన్ చెడిపోతే? అందుకే ఇంట్లో ఎప్పుడూ సూదులు ఉంచుకోవాలి. ఆ జవాబుకు ఆయన ముఖం కొంచెం తేరుకుంది.

నేను పంపే కావాలన్నాను. ఆయన అడ్డు చెప్పలేదు. ఇంటికొచ్చాక కాలెండర్ ముందు నిలబడి అడిగారు.

"అయితే ఇంక నాకు ఈడ ఏం పని ఉండాది?"

కరివేపాకు తెమ్మన్నాను. వెళ్లి తెచ్చారు.

పంపును మా అమ్మ తాళంచెవుల గుత్తి దోపుకునే చోటే దోపుకున్నాను. మూడు రోజులకొకసారి పొట్టకు గుచ్చిన గొట్టం తీసేసి కొత్తది పెట్టాలి. పెట్టే పనిముట్టులో స్ప్రింగు ఉంటుంది కాబట్టి చెయ్యి వణికినా ఫర్వాలేదు. నర్సు మా ఇద్దరికీ నేర్పింది. నేను మొదటిసారికే తప్పు లేకుండా చేశాను. ఆయన పక్కనే కూర్చుని చూశారు.

మూడో రోజు పొద్దున పంపు కుయ్యిమంది. ఆయన పేపరు మడిచి నా వైపు చూశారు.

"నర్సమ్మ చెప్పిందంతా మరిచిపోతిని," అన్నాను. "మీరే ఎయ్యండి."

ఆయన వెళ్లి చేతులు కడుక్కొచ్చారు. గొట్టంలో గాలిబుడగ లేదని కిటికీ వెలుతురులో రెండుసార్లు చూసి, గుచ్చారు. తర్వాత కాలెండర్ దగ్గరికి వెళ్లి మూడు కాగితాలూ ఒకేసారి చింపారు.

అప్పటినుంచీ మా ఇంట్లో మూడు రోజుల్లో రెండు రోజులు తేదీ తప్పే. రాహుకాలం చూడాలంటే పక్కింటికి వెళతాను. షుగర్ విషయంలో ఆయనకు లెక్కలేనన్ని అబద్ధాలు చెప్పాను. అన్నీ నా నోటి కోసం. ఇదొక్కటే ఆయన కోసం.