మావయ్య ల్యాప్‌టాప్ మార్చిన వైనం

ఆ రోజుల్లో కంప్యూటర్ల గురించి నాకు తెలియని విషయమంటూ ఉండేది కాదు. ఇప్పుడైతే తెలియనివి బోలెడు. ఎవరైనా ఏదైనా అడిగితే "చూసి చెబుతాను" అని తప్పించుకుంటాను. కానీ కోరాపుట్‌లో కంప్యూటర్ డిగ్రీ పూర్తిచేసి, సర్టిఫికెట్ మీద లామినేషన్ వేడి చల్లారకముందే రాయగడలో వచ్చిపడిన కొత్తలో ఆ మాట అనడమంటే నాకు తలకొట్టేసినట్టుండేది. అడిగినవాళ్లకి చెప్పేదాన్ని, అడగనివాళ్లకీ చెప్పేదాన్ని. మా అత్త టీవీ రిమోట్ పనిచెయ్యడం లేదంటే, అది లోపల ఎలా పనిచేస్తుందో మొదట్నుంచీ వివరించిన ఘనత నాది. (అత్త అంతా ఓపిగ్గా విని, రిమోట్‌ని అరచేతిలో రెండు దెబ్బలు వేసింది. పనిచేసింది.)

రాయగడలో మా మావయ్యది, అంటే అమ్మకి పెద్దన్నయ్యది, టోకు కిరాణా కొట్టు. తాతల కాలంలో బొబ్బిలి వైపు నుంచి వచ్చి పెట్టిన కొట్టు. చుట్టుపక్కల ఊళ్లలో చిల్లర కొట్లవాళ్లందరికీ ఉప్పు, చింతపండు, మిరపకాయలు, సబ్బులు అక్కణ్నుంచే వెళతాయి. నాకా కొట్లో పనిచెయ్యాలని మహా కోరిక. నాన్నకేమో నేను కోరాపుట్‌లోనే కూర్చుని బ్యాంకు పరీక్షలకి చదవాలని. మావయ్యకి ఏ కోరికా లేదుగానీ, బస్తాలు మోసే కళాసీలూ, లారీలూ తిరిగే చోట ఆడపిల్ల కూర్చోవడం మా ఇళ్లల్లో అంతకుముందు లేదు. నేను అత్తని పట్టుకుని వేళ్లాడాను, అత్త మావయ్యని పట్టుకుని వేళ్లాడింది. చివరికి మావయ్య గల్లాపెట్టె దగ్గర్నుంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు.

"సూడమ్మీ, ఈ లేప్‌టాప్ సచ్చిపోతంది. దీన్నిచ్చేసి కొత్తది తేవాల. పని ఒక్క పూటైనా ఆగకూడదు. ఆగకుండా సేసేవా, రేపట్నుంచి నీకు కుర్సీ ఏయిస్తాను. ఆగిందా, మీ నాన్నకి ఫోన్ సేసి కోరాపుట్ బస్సెక్కించేస్తాను. ఏటంటావు?"

ఏమంటాను? నవ్వొచ్చింది. నా చదువంతా ఒక ల్యాప్‌టాప్ మార్చడానికా అని.

ఆ ల్యాప్‌టాప్ సంగతి కొంచెం చెప్పాలి. మూత విరిగిపోతే గోనెసంచులు కుట్టే పురికొసతో కట్టి ఉండేది. అక్షరాలు పసుపు పొడిలో కూరుకుపోయి, ఏ మీటలో ఏముందో మావయ్య వేళ్లకి మాత్రమే తెలిసేది. లోపలి ఫ్యాను తిరిగినప్పుడల్లా మిరపకాయల ఘాటు బయటికి కొట్టేది. దాని ముందు కూర్చున్నవాళ్లు తుమ్మకుండా ఒక లెక్క పూర్తిచేస్తే గొప్పే. తెర మీద మావయ్య ఫోన్లో తీసిన ఫోటో ఒకటి: ఏ అందమూ లేని మా కొట్టు లోపలి ఫోటో, మసగ్గా, సగం బస్తాలు, సగం చీకటి. ఆ ఫోటో మీద ఎక్కడపడితే అక్కడ పసుపురంగు ఫోల్డర్లు, ఎవరో గుప్పెడు శనగలు విసిరేసినట్టు. ఒక్కదానికీ పేరు లేదు. అన్నీ న్యూ ఫోల్డర్లే, పక్కన అంకె మాత్రం మారుతుంది. మనిషి ఇంత చిందరవందరగా ఎలా బతుకుతాడా అని జాలిపడ్డాను.

బ్యాకప్ మాత్రం నేను ప్రాణం పెట్టి చేశాను. ఇప్పటికీ ఆ విషయంలో నన్నెవరూ వేలెత్తి చూపలేరు. బయట తగిలించే హార్డ్‌డిస్క్‌లోకి ఒకసారి ఎక్కించాను, పెన్‌డ్రైవ్‌లోకి ఇంకోసారి ఎక్కించాను, అక్కడా ఇక్కడా ఒక్కో ఫైలూ తెరిచి సరిచూసుకున్నాను. తుమ్ముతూనే. మావయ్య మధ్యమధ్యలో వచ్చి తొంగి చూసేవాడు.

"అన్నీ వచ్చేసేయా?"

"అన్నీ వచ్చేసేయి మావయ్యా. దీన్నే ఫుల్ బ్యాకప్ అంటారు."

"ఎక్కడివక్కడే ఉన్నాయా?"

"ఓ, ఎక్కడివక్కడే."

ఆయన అడిగిందేమిటో, నేను ఒప్పుకున్నదేమిటో నాకు మర్నాటిదాకా తెలియదు. నా ధీమా అంతా ఇంతా కాదు. పాతదాన్ని పూర్తిగా తుడిచేసి, పురికొసతో సహా మార్పిడి కింద దుకాణంలో ఇచ్చేసి, కొత్తదాన్ని చంకన పెట్టుకుని ఊరేగింపుగా ఇంటికొచ్చాను. అత్త దానికి పసుపు రాసి, కుంకుమ పెట్టి, హారతిచ్చింది. (కుంకుమ బొట్టు సరిగ్గా కెమెరా మీద పెట్టింది. తరవాత చాలాకాలం మావయ్య ఎవరితో వీడియోలో మాట్లాడినా వాళ్లకి సంధ్యాకాశం కనిపించేదట.) ఫోల్డర్లన్నీ ఎక్కించాను. కంప్యూటరే వాటిని ఎడమపక్క నుంచి బుద్ధిగా వరసల్లో నిలబెట్టింది. వెనక తెల్లటి మంచుకొండ. కళ్లకి హాయిగా ఉంది. దీన్ని చూసి మావయ్య మురిసిపోతాడనుకున్నాను.

మర్నాడు పొద్దున్న కొట్టు ముందు పికప్ బండి నిలబడి ఉంది. లక్ష్మీపూర్ కొట్లకి సరుకు వెళ్లాల్సిన రోజది. అక్కడ సంతకి ముందు సరుకు చేరకపోతే ఆ కొట్లవాళ్లు మా ఎదురుకొట్టుకి ఫోన్ చేస్తారు, ఒకసారి చేశారంటే మళ్లీ ఇటు చూడరు. డ్రైవరు ఊరికే హారన్ కొట్టే మనిషి కాబట్టి అందరూ వాణ్ని హారన్ బాబు అనే పిలిచేవారు. మావయ్య దేవుడికి దణ్ణం పెట్టి, కొత్త ల్యాప్‌టాప్ మూత తీశాడు. తీసి తెరకి మొహం దగ్గరపెట్టి చూశాడు.

"అమ్మీ, ఇదేటి? ఈ కొండెక్కడిది? మన దేవమాలి కాదే."

"అది దాంతోపాటే వచ్చింది మావయ్యా. బాగుంది కదా?"

"బాగున్నాది. మరి నా కొట్టేదీ?"

"కొట్టు ఫోటోనా? అది వట్టి బొమ్మే కదాని ఎక్కించలేదు, పోయింది గానీ, ఫోల్డర్లన్నీ ఉన్నాయి, చూడు."

"ఉన్నాయి సరే. లక్ష్మీపూర్ ఏదీ?"

నేను చూపించబోయి ఆగిపోయాను. మావయ్య చెబితే అప్పుడు తెలిసింది. మావయ్య ఫోల్డర్లకి పేర్లు ఎందుకు పెట్టలేదంటే, ఆయనకి పేర్లతో పనిలేదు. ఆ మసక ఫోటోలో ఉప్పు బస్తాల మీద ఉన్న ఫోల్డరు తెరుబలిది, ఎందుకంటే తెరుబలి ఊరికెళ్లే సరుకు ఆ పక్కనే పేరుస్తారు. చింతపండు బుట్టల మీద ఉన్నది కల్యాణసింగ్‌పూర్. వాకిలి పక్కన, బండి ఆగే చోట ఉన్నది లక్ష్మీపూర్. కొట్లో చెయ్యి చాపినట్టే తెర మీదా చాపేవాడు. నేను చెత్త అనుకున్నదంతా ఆయన కట్టుకున్న కొట్టు. అందులో సరుకంతా జాగ్రత్తగా మోసుకొచ్చి, కొట్టుని మాత్రం తుడిచేసి ఇచ్చేశాను.

బయట హారన్ మోగింది. "డేరి హేలాణి!" అని కేకవేశాడు హారన్ బాబు. ఆలస్యమైపోతోందట. ఆ సంగతి ఎవరూ చెప్పక్కర్లేకుండా నాకే తెలుస్తోంది. కళాసీలు బీడీలు ఆర్పేసి నావైపే చూస్తున్నారు. మావయ్య తిట్టలేదు. తిడితే బాగుండును. ఆయన కండువాతో మొహం తుడుచుకుంటూ ఉంటే నాకు కోరాపుట్ బస్సు కళ్లముందు కనిపించింది, కిటికీ పక్క సీటుతో సహా.

ఒక్కొక్క ఫోల్డరూ తెరవడం తప్ప దారి లేదు. తెరిస్తే లోపలా అదే కథ: ఊరి పేరు ఎక్కడా ఉండదు. కొట్లవాళ్ల పేర్లు, వాళ్లు పట్టుకెళ్లే సరుకూ మాత్రమే ఉంటాయి. ఆ పేర్లు కూడా అమ్మానాన్నలు పెట్టినవి కాదు, మావయ్య పెట్టినవి. కాబట్టి నేను మొదటి పేరు గట్టిగా చదవడం, మావయ్య కళ్లు మూసుకుని ఊరు చెప్పడం, ఇదీ ఏర్పాటు.

"గొడుగు సాహు."

"తెరుబలి. ఉప్పు బస్తాల మీద."

"నిద్రమొగం."

"అదీ తెరుబలే, ఇంకో వీధి. పక్కన పెట్టు."

"పిసినిగొట్టు పాత్రో."

జవాబు లేదు. వినబడలేదేమోనని ఇంకా గట్టిగా చదివాను. "పిసినిగొట్టు పాత్రో, మావయ్యా!" అప్పటికీ జవాబు లేకపోతే తలెత్తాను. గల్లాపెట్టె ముందు ఒక పెద్దమనిషి నిలబడి, సబ్బు పెట్టె ధర అడగబోయి ఆగి, నావైపు చూస్తున్నాడు. ఈ పక్క ఊళ్లలో ఒడియావాళ్లకి తెలుగు రాదనుకోవడం నా చదువులో లేని ఇంకో తెలివి.

"ఆ పాత్రో ఎవరు సావుకారూ?" అన్నాడాయన, చక్కటి తెలుగులో.

"అబ్బే, మీకు తెల్దు లెండి," అన్నాడు మావయ్య, ఏమాత్రం తడబడకుండా. "లక్ష్మీపూర్‌లో ఒకడున్నాడు. అమ్మీ, సెప్పేను కదా, అది లక్ష్మీపూర్. ఎక్కించీమను!"

దొరికిందిరా దేవుడా అని నేను ఆ ఫోల్డర్లో ఉన్న సరుకంతా చదవడం మొదలుపెట్టాను. కళాసీలు బస్తాలు మోస్తున్నారు, హారన్ బాబు తాళ్లు విప్పుతున్నాడు, నేను మహారాణిలా చదువుతున్నాను. పెద్దమనిషి తీరిగ్గా బేరమాడి, టీ తాగి, ఒక సబ్బు ఉత్తినే పుచ్చుకుని వెళ్లాడు. ఆయన వీధి మలుపు తిరగ్గానే మావయ్య గల్లా మీంచి దూకినంత పని చేశాడు.

"దించండ్రా, దించండి! అది కల్యాణసింగ్‌పూరు! ఇప్పుడెల్లినాయనే పాత్రో!"

కళాసీలు నావైపు చూసిన చూపు నేను మర్చిపోలేదు. వాళ్లలో పెద్దవాడు భుజం మీది బస్తా నేలకి దించి, నడుం పట్టుకుని నవ్వడం మొదలుపెట్టాడు. వాడు నవ్వితే హారన్ బాబు నవ్వాడు. మావయ్య నవ్వలేదు. నేను నవ్వనూ లేదు, ఏడవనూ లేదు, తరవాతి ఫోల్డరు తెరిచాను. ఇంకా కొన్ని పేర్లయ్యాక లక్ష్మీపూర్ నిజంగానే దొరికింది. అందరూ ఒకరిమీద ఒకరు పడి ఎక్కించారు, నేను కూడా బిస్కట్ల అట్టపెట్టెలు అందించాను. బండి బయల్దేరేసరికి ఎండ నడినెత్తికొచ్చింది. సంతకి అందుతుందో లేదో ఎవరికీ తెలియదు. భోజనాల దగ్గర మావయ్య తలెత్తకుండా తిని లేచిపోయాడు. అత్త నా కంచంలో అడక్కుండానే రెండోసారి నెయ్యి వేసింది. అది నాకు వీడ్కోలు నెయ్యిలాగే అనిపించింది.

సాయంత్రం నేను బట్టలు సర్దుకుంటున్నాను. నిజంగా బాధేసింది. పరీక్ష తప్పితే మళ్లీ రాసుకోవచ్చు, ఇది మళ్లీ దొరకదు. అంతలో కొట్లోంచి కేక వినిపించింది.

"అమ్మీ, లక్ష్మీపూర్ నుంచి ఫోనొచ్చింది. సరుకందిందట. ఇలా రా ఓపాలి."

వెళ్లాను. కొట్టంతా ఊడ్చి ఉంది. బస్తాలన్నీ సరిగ్గా పేర్చి, ఉన్న లైట్లన్నీ వేసి ఉన్నాయి. మావయ్య వాకిట్లో నిలబడి, ఫోన్ని రెండు చేతుల్తో హారతిపళ్లెంలా పట్టుకుని ఉన్నాడు.

"పోయిన ఫోటో బదులు ఇంకోటి తీస్తన్నాను. నువ్వు లోపలికెల్లు."

"అడ్డమా మావయ్యా?" అని నేను పక్కకి జరిగాను.

"పక్కకి కాదమ్మీ, లోపలికి. మిరపకాయల కాడ నిలబడు. కొట్లో ఉన్నవాటన్నిటికీ ఫోల్డరున్నాది. నీదెక్కడ పెట్టాలో నాకు తెలియొద్దా?"

నిలబడ్డాను. ఘాటుకి కళ్లలో నీళ్లు తిరిగాయి. (ఘాటుకే అని అప్పుడు అందరికీ చెప్పాను.) ఆ ఫోటోని తెర మీద పెట్టి, ఆయన చెప్పిన చోటల్లా ఫోల్డర్లు పెట్టుకుంటూ వచ్చి, ఆఖరున కొత్తదొకటి తెరిచి నా పక్కన పెట్టాను. అందులో ఏం వెయ్యాలని అడిగితే, "రేపట్నుంచి నువ్వు సేసే పని" అన్నాడు.

ఆ తరవాత ల్యాప్‌టాప్‌లు మారాయి. మార్చిన ప్రతిసారీ, ఫైళ్లు ముట్టుకునే ముందు తెరకి ఫోన్‌తో ఫోటో తీసుకుంటాను. ఫోటోలో మిరపకాయల దగ్గరున్న ఆ అమ్మాయిని చూస్తే ఇప్పుడు నవ్వొస్తుంది. తుమ్ము ఆపుకుంటూ, గడ్డం పైకెత్తి, ప్రపంచంలో ఉన్నదంతా కాపీ చేసి దాచేసినట్టు నిలబడి ఉంటుంది. దాన్ని ఒకసారి గట్టిగా కోప్పడాలనిపిస్తుంది, అంతలోనే ముద్దూ వస్తుంది. మిగతా ఫోల్డర్లకి మెల్లగా నేనే పేర్లు పెట్టేశాను, మావయ్య ఏమీ అనలేదు. నా పక్కనున్నది మాత్రం ఇప్పటికీ న్యూ ఫోల్డరే. ఒకసారి దానికీ నా పేరు కొట్టబోతుంటే మావయ్య చూశాడు.

"దానికెందుకమ్మీ పేరు?" అన్నాడు. "అక్కడే ఉన్నావు కదా."