కరెంటు తిరిగి వచ్చినప్పుడు

ఈ ఉదయం మధురవాడలో మా ఫ్లాట్‌లో కరెంటు రెప్పపాటు పోయి వచ్చింది. నేను గబగబా లేచి టీవీ, కంప్యూటర్ స్విచ్చులు ఆపేసి, ఐదు నిమిషాలు గడియారం చూస్తూ నిలబడ్డాను. "ఏటా సాదస్తం?" అంది మా ఆవిడ. అంతలోనే వాళ్ళమ్మ గుర్తొచ్చినట్టుంది, తనే వెళ్ళి ఫ్రిజ్ స్విచ్చు కూడా ఆపింది.

మా అత్త యారాడలో ఉండేది. ఊపిరితిత్తులు పాడై, గాలిలోంచి ఆక్సిజన్ తీసి అందించే యంత్రం మీద బతికేది. ముక్కుకు గొట్టంతోనే కూర్చుని కోడళ్ళకు వల కుట్టడం నేర్పేది. వాళ్ళు వినకపోతే ఆ యంత్రానికే చెప్పేది. దాని లోపలి పవర్ సప్లై బోర్డులో ఫ్యూజు ఊరికే పోవడం మొదలైంది. పోయినప్పుడల్లా మా బావ, అంటే మా ఆవిడ అన్న, చేపల వేట మానుకుని, తల్లికి చిన్న సిలిండరు తగిలించి, బోర్డును తువ్వాల్లో చుట్టి నా దగ్గరికి తెచ్చేవాడు. నేను ఫ్యాక్టరీలో ముప్పై ఏళ్ళు ఇలాంటివే బాగుచేసినవాణ్ణి. నా తల మీద నాకు మాత్రమే కనిపించే కిరీటం ఒకటుండేది. మీటరు పెట్టి ప్రతి భాగమూ చూశాను. షార్టు లేదు, కాలిన మచ్చ లేదు. కొత్త ఫ్యూజు వేస్తే నా బల్ల మీద రోజంతా పనిచేసేది. యారాడ వెళ్ళాక మళ్ళీ పోయేది.

మూడోసారి బావ అన్నాడు: "కరెంటు పోయి ఎంటనే వత్తేనే పోతంది బావా. నాను సూసినాను."

"కరెంటొస్తే ఫ్యూజెందుకు పోద్ది? నువ్వే ఏదో కెలుకుతన్నావ్" అన్నాను.

అతను బోర్డును తువ్వాల్లో చుట్టుకుని వెళ్ళిపోయాడు. నాలుగోసారి నా దగ్గరికి రాలేదు. ఫ్యూజు బదులు రాగితీగ చుట్టాడు. మర్నాడు కరెంటు పోయి వచ్చింది. బోర్డు కాలి ఇల్లంతా పొగ. సిలిండరు దాదాపు ఖాళీ. ఆటోలో కొండదారి దాటి ఆసుపత్రికి చేరేసరికి అత్త పెదవులు నీలంగా మారాయి.

అత్త ఆసుపత్రిలో ఉండగానే నేను యంత్రానికి కొత్త బోర్డు తెచ్చి, అరగంట నడిపి, స్విచ్చు ఆపి వెంటనే వేశాను. టప్పున ఫ్యూజు పోయింది. కరెంటు రాగానే ఒక్కసారిగా దూకే ప్రవాహాన్ని ఆపే చిన్న బిళ్ళ ఒకటి అందులో ఉంటుంది. చల్లగా ఉంటేనే అది ఆపుతుంది. వేడిగా ఉంటే వదిలేస్తుంది. నా బల్ల మీద దానికెప్పుడూ చల్లారే తీరిక దొరికేది. కరెంటు వచ్చాక ఐదు నిమిషాలు ఆగి పనిచేసే స్విచ్చు బిగించి, ఆసుపత్రికి వెళ్ళాను.

"నువ్వు సెప్పిందే నిజం బావా" అన్నాను.

"ఆ రోజే నమ్మీసుంటే బాగుండును" అన్నాడు, తల్లికి చెంచాతో గంజి పడుతూ.

అత్త ఇంటికి వచ్చింది గానీ, రెండు మాటలకే ఆయాసపడేది. వానాకాలం దాటలేదు. ఆ యంత్రంలో ఫ్యూజు మళ్ళీ ఒక్కసారీ పోలేదు. బావ ఇప్పటికీ మా ఇంటికి చేపలు తెస్తాడు. పాడైన వస్తువులు మాత్రం మల్కాపురంలో వేరే మెకానిక్కు దగ్గరికి తీసుకుపోతాడు.

కాలం అన్నీ మరిపిస్తుందంటారు. ఒక మనిషి మాట వినడానికి అరనిమిషం చాలు. నేను వినని ఆ అరనిమిషం మాత్రం ఏళ్ళు గడిచేకొద్దీ పెరుగుతూనే ఉంది.