గొడుగు ముందు, మేము వెనక

రైలు ఇంకా మా రాజమండ్రి మొహం చూడని రోజుల్లో మేము చెన్నపట్నం వెళ్ళింది పడవ మీద. అద్దె పడవ కాదు, మా మామగారి సొంత పడవ. ముగ్గురు పడుకుంటే నాలుగోవారు కూర్చుని తెల్లవార్చాలి. ఆయన మాత్రం జమీందారు తన ఏనుగు గురించి చెప్పినట్టు దాని గురించి చెప్పేవారు.

వెళ్ళింది అత్తగారి కళ్ళ కోసం. శుక్లాలు ముదిరి, నేను కాపురానికి వచ్చేసరికే ఆవిడకి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలిసేది కాదు. చెన్నపట్నంలో దొరల ఆసుపత్రిలో ఆ పొర కోసి తీసేస్తారట. "నా కోడలి మొహం ఒక్కసారి చూడాలి" అనేది ఆవిడ. ఆ మాట విన్నప్పుడల్లా నేను కొంగు మొహం మీదికి లాక్కునేదాన్ని. సంబంధం కుదుర్చుకొచ్చిన రోజున మామగారు ఆవిడతో పిల్ల పచ్చటి పసిమి అని చెప్పారు. నా రంగేమో మా చేలో నల్లరేగడి.

వేసవి ముంచుకొస్తోంది. మరమ్మతులకని కాలువలు కట్టేస్తే మళ్ళీ వానలదాకా పడవ కదలదు. ఈలోగా కన్ను చెడిపోతే కోసినా లాభం లేదని వైద్యుడు ముందే భయపెట్టాడు. అయినా మామగారు పంచాంగం చూడనిదే తాడు విప్పనిచ్చేవారు కాదు. మంచి గడియలో కదలడానికి వీలుపడకపోతే ప్రస్థానం పెట్టేవారు. అంటే తన గొడుగుని ఆ గడియలో ముందుకు పంపి ఎవరి అరుగు మీదో పెట్టించడం. గొడుగు బయల్దేరితే ఆయన బయల్దేరినట్టే లెక్క. ఆ లెక్కన గోదావరి జిల్లా సగం మా కంటే ముందు చూసింది ఆ గొడుగే.

ఏలూరు ఇవతల లాకుల దగ్గరికి వచ్చేసరికి వర్జ్యం పట్టింది. గొడుగు పొద్దున్నే మంచి గడియలో లాకులు దాటి, తలుపులు తీసే లస్కరు అరుగు మీద కూర్చుంది. మేం ఇవతల.

"తలుపులు మూసేస్తున్నామండి. మళ్ళీ వానలకేనండి తీయడం. ఇప్పుడు దాటితే బెజవాడదాకా నీళ్ళుంటాయండి," అన్నాడు లస్కరు.

"వర్జ్యం దాటనీవయ్యా! నా గొడుగు అవతలే ఉంది, నేను దాటినట్టే."

"గొడుగుకి అభ్యంతరం లేదండి. ఎంత దూరమైనా వెళ్ళొచ్చండి."

నాకు నవ్వాగలేదు, ఏడుపూ ఆగలేదు. అప్పుడు పడవలోంచి అత్తగారు పిలిచింది.

"ఏమండీ, గొడుగు వెళ్తే మీరు వెళ్ళినట్టే కదా?"

"అంతేగా మరి."

"అయితే ఈసారి నన్ను ప్రస్థానం పెట్టండి. పడవనీ, కోడల్నీ కూడా."

"వర్జ్యంలో ప్రస్థానం ఏంటే?"

"గొడుగు మంచి గడియలోనే వెళ్ళిందిగా. నేను దాన్ని తెచ్చుకోడానికి వెళ్తున్నాను. లాగండర్రా!"

గట్టు మీంచి పడవ లాగే తాడు పట్టుకున్నవాళ్ళు మామగారి వైపు చూడనైనా చూడలేదు. పడవ లాకులు దాటింది. మామగారు గొడుగు అందుకుని, ఇది ప్రయాణం కాదు, షికారు అని దారినపోయే ప్రతివాడికీ చెబుతూ వర్జ్యం పోయేదాకా గట్టు మీద మా వెంట నడిచారు.

చెన్నపట్నం ఆసుపత్రిలో కట్టు విప్పిన రోజున ఆయన గొడుగు పట్టుకుని కిటికీ వైపు తిరిగి నిలబడ్డారు. అత్తగారు కళ్ళు చికిలించి నా మొహంలోకి చూసింది. నాకు పారిపోవాలనిపించింది.

"ఏమండీ, పచ్చటి పసిమి అన్నారూ?"

మామగారు కిటికీలోంచి ఏదో చాలా ముఖ్యమైనది చూస్తున్నారు.

"నల్లగానే ఉంటాను అత్తయ్యా," అని తల వంచేసుకున్నాను.

ఆవిడ నా గడ్డం పట్టుకుని పైకెత్తింది.

"ఉండవే, కదలకు. నేనింకా చూడటం అవలేదు."