ఎవరూ ఉండని ఇంటికి పన్ను మినహాయింపు

మూడేళ్ల కిందట నేను ఆళ్లగడ్డలో ఇంటి పన్నుల సెక్షన్‌లో గుమాస్తాని. అంతకుముందు మాజీ సైనికుల్లో కొందరికే ఉన్న ఇంటి పన్ను మినహాయింపును వాళ్లందరికీ వర్తింపజేస్తూ అప్పుడే కొత్త ఉత్తర్వు వచ్చింది. షరతు ఒక్కటే, ఇల్లు ‘సెల్ఫ్ ఆక్యుపైడ్’ అయి ఉండాలి. అంటే యజమాని తానే అందులో కాపురం ఉండాలి. రోజూ నంద్యాల నుంచి వచ్చి బస్సు దిగేసరికి నా టేబుల్ మీద దరఖాస్తుల కట్ట సిద్ధంగా ఉండేది. ‘ఇంట్లో ఎవరు ఉంటున్నారు’ అన్న గడిలో అందరూ ‘నేనే’ అని రాసేవాళ్లు. నేను చదవడం కూడా మానేశాను.

ఒక్క దరఖాస్తులో మాత్రం ‘ఎవరూ లేరు’ అని ఉంది. రిటైర్డ్ హవల్దార్ ఏసోబుది. ఫోన్ చేసి పిలిపించాను. డిశ్చార్జి బుక్కును, అంటే మిలిటరీ వాళ్లు సర్వీసు అయిపోయాక ఇచ్చే పుస్తకాన్ని, ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని వచ్చాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

“ఏం పెద్దాయనా, పొరపాటున రాసినావా?” అని అడిగాను.

“పొరపాటేంది సార్? ఆడ ఎవరుండారు? నేనుండేది నంద్యాల్లో, విత్తనాల గోదాములో. ఆడ్నే కాపలా, ఆడ్నే పడక. సుగుణ పోయినాక ఆ ఇంట్లో నిద్ర పట్టదప్పా.”

సుగుణమ్మ ఆయన భార్య. పోయి అప్పటికి ఏడాదిన్నర. పిల్లలు లేరు.

“గోటితో పోయేదానికి గొడ్డలెందుకు? ‘నేనే’ అని రాయి, సంతకం పెట్టు. నేను చూసుకుంటా.”

“లేనిచోట ఉండానని నేను ఎప్పుడూ సంతకం పెట్టలా సార్.”

నాకు ఒళ్లు మండింది. “మరెందుకు దరఖాస్తు పెట్టినావు?”

“సుగుణ అంటాండె, సర్కారు నిన్ను మిలిటరీవాడని ఒక్క కాగితంలోనన్నా గుర్తు పెట్టుకుంటాదా అని. ఆ కాగితం తెచ్చి ఆమె ఫొటో కింద పెడదామనుకున్నా. అంతే.”

తిరస్కరించి పంపేయాల్సిన ఫైలు అది. చెయ్యి రాలేదు. “నెల రోజులు పక్కన పెడతా. ఈలోగా వచ్చి ఇంట్లో ఉండు. నేనొచ్చి చూసి రాస్తా,” అన్నాను.

“ఎన్ని దినాలుండాల?” అని అడిగాడు. సైన్యంలో పనిచేసిన మనిషి గొంతులో అంత భయం ఉంటుందని నేను అనుకోలేదు.

నెల తర్వాత వెళ్లాను. ఇస్త్రీ చొక్కా వేసుకుని వాకిట్లో నిలబడి ఉన్నాడు. గదిలో చర్చివాళ్లు ఇచ్చిన క్యాలెండర్ ఉంది. ఒక్కో తేదీ కింద ‘హాజరు’, ‘గైర్హాజరు’ అని పెన్సిలుతో రాసి ఉంది. గైర్హాజరులే ఎక్కువ.

“పగటి డ్యూటీకి మార్పించుకుని సాయంత్రం బస్సుకు వస్తాండా సార్. మొదటి దినం తాళం తియ్యకనే వాకిలి కడప మీద కూర్చొని తిరిగి పోయినా. రెండో తూరి లోపలికొచ్చి అన్నం వండుకుంటే ఉప్పు యాడ పెట్టిందో దొరకలా. చప్పిడి తిన్నా. వారానికి మూడు దినాలు మించి నా చేత కాలా.” టీ గ్లాసు నా చేతికిచ్చి, మెల్లగా అన్నాడు. “నేను పద్దెనిమిదేండ్లు బార్డర్ల ఎంబడి తిరిగితి. అన్నేండ్లూ ఆమె ఈ ఇంట్లో ఒంటిగా ఉండె సార్. ఎట్లుండిందో ఒక్కనాడూ అడగలా.”

టీ తాగాను. ఫారంలో ‘యజమాని నివాసం ఉన్నారు’ అని రాసి సంతకం చేశాను.

“మూడు దినాలకేనా?” ఆయనకు నమ్మకం కుదరలేదు.

“రూల్లో దినాల లెక్క లేదు పెద్దాయనా.”

మినహాయింపు కాగితం ఆయనే వచ్చి తీసుకున్నాడు. దాన్ని రెండు చేతులతో పట్టుకుని రెండుసార్లు చదివాడు. “ఈ రేత్రి ఈడ్నే ఉంటా” అని చెప్పి వెళ్లాడు. ఆ రోజు నంద్యాల బస్సులో కిటికీ పక్కన కూర్చున్నాను గానీ దారిలో ఏ ఊరు వచ్చిందో, పోయిందో తెలియలేదు.

ఆ నెలాఖరునే నా ముందుకు ఒక కాగితం వచ్చింది. ఇంటి అద్దె భత్యం కోసం, పనిచేసే ఊళ్లోనే కాపురం ఉంటున్నామని మేమిచ్చే హెడ్‌క్వార్టర్స్ సర్టిఫికెట్. ఏళ్ల తరబడి ఆళ్లగడ్డలోనే ఉంటున్నానని కళ్లు మూసుకుని సంతకం పెట్టినవాణ్ణి నేను. ఎదుటివాడి కాపురం నిజమో కాదో తేల్చే ఉద్యోగం చేస్తూ నా కాపురం గురించి అబద్ధం రాశాను. సిగ్గేసింది. ఏసోబు కేసు నాకు రూలు ఏమీ నేర్పలేదు, గడిలో రాసే ముందు ఒక్క క్షణం ఆగడం నేర్పింది.

నివాసం అన్న చోట ‘నంద్యాల’ అని రాశాను.

మా ఆఫీసరు నన్ను పిలిపించి, కాగితం చూపించి అడిగాడు. “ఏమప్పా, పొరపాటున రాసినావా?”